తగ్గించి చెప్పిన ధర

ఉదయం లేవగానే ఆమె చేసే మొదటి పని దేవుణ్ణి తలుచుకోవడం. రెండో పని గోడలు తడమడం. మంచం దిగి, కిటికీ దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, తనకు తెలిసిన నాలుగు మాటలూ మనసులో అనుకునేది. తర్వాత చెప్పుల్లేని కాళ్లతో గది గదికీ వెళ్లి, గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచేది, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. ఎక్కడైనా చెమ్మ తగిలిందా, రంగు పొడిలా రాలిందా, నిన్న లేని గీత ఇవాళ కనిపించిందా అని ఆమె వెతుకులాట.

భర్త దుప్పటిలోంచే అడిగేవాడు. "ఇవాళ ఎలా ఉంది నీ పేషెంటు?"

"వంటింటి మూల కాస్త చల్లగా ఉందండీ."

"తెల్లారగట్ల గోడ చల్లగా ఉండక కాలుతుందా? కాలితే చెప్పు, టీ దాని మీదే పెట్టుకుందాం."

ఆమె నవ్వేది. నవ్వి, వంటింట్లోకి పోతూ పోతూ ఆ మూలని మళ్లీ ఒకసారి తడిమేది.

ఊరి చివర కొత్తగా వెలిసిన వీధి అది. ఒకే అచ్చులో పోసినట్టు వరసగా చిన్న చిన్న ఇళ్లు. ముందు ఒక గది, వెనక ఒక గది, పక్కన వంటిల్లు, పెరట్లో బట్టలు ఆరేసుకునేంత జాగా. రంగు వాసన ఇంకా పూర్తిగా పోలేదు. స్తంభాలు పాతారు గాని వాటికి దీపాలు బిగించలేదు. వీధి మొదట్లో మిగిలిపోయిన ఇసుక కుప్ప మీద కుక్కలు పడుకుంటాయి. ఆ వరసలో ఒక ఇల్లు ఆమెది. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన బట్టల తానులు, గోడకి వేలాడే పెద్ద కత్తెర.

ఆమె కర్టెన్లు కుడుతుంది. అందుకని చిన్నా పెద్దా అందరికీ ఆమె కర్టెన్లక్క. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు తగ్గిపోయి చాలా కాలమైంది. కొత్తగా ఇంట్లోకి దిగినవాళ్లు కబురు చేస్తే టేపు, సుద్దముక్క సంచిలో వేసుకుని వెళ్లి కిటికీల కొలతలు తీసుకుంటుంది. వచ్చి కుచ్చులు పట్టి, అంచులు మడిచి, రింగులు తొడిగి, తనే వెళ్లి తగిలించి వస్తుంది. తగిలించాక కాసేపు గదిలో నిలబడి, వెలుతురు ఎలా పడుతోందో చూసి గాని కదలదు. పిల్లలున్న ఇంట్లో కర్టెన్ కిందంచు వెడల్పుగా మడిచి కుడుతుంది, వాళ్లు పట్టుకుని లాగుతారని. దానికి అదనంగా ఏమీ అడగదు. ఆ సంగతి వాళ్లకి చెప్పదు కూడా.

ఆమె దగ్గర బేరాల్లేవు. "ఒక మాట చెప్తానండీ, నచ్చితే గుడ్డ వదిలి వెళ్లండి. నచ్చకపోతే మంచినీళ్లు తాగి వెళ్లండి" అనేది. చేసిన పనికి తనే ఒక వెల కట్టి, ఎదుటివాడు మొహం చిట్లించగానే దాన్ని తగ్గించుకోవడం ఆమెకి నామోషీ. ఇంకొకరు చెప్పిన వెల తగ్గించమని అడగడం అంతకంటే నామోషీ. కూరల బండి దగ్గరా అంతే, చెప్పుల కొట్లోనూ అంతే. "నీకు అమ్మడానికి వాళ్లు పెట్టి పుట్టాలి" అనేవాడు భర్త. ప్రెస్సులో కాగితాలు కోసే పని అతనిది. అతనూ పెద్ద బేరగాడేం కాదు.

బేరమంటే ఆమె అన్నగారే. ఆయనకి టైర్ల కొట్టుంది. ఎవరేం చెప్పినా సగం నుంచి మొదలుపెట్టే మనిషి. చెల్లెలు అద్దె ఇళ్లల్లో మిషను మోసుకుని తిరుగుతోందని ఆయనకి ఎప్పటి నుంచో బాధ. కొత్త ఇళ్ల సంగతి తెలియగానే కొంత సొమ్ము తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇది అప్పు కాదు, నీకే. ఒక్కటే షరతు. నేను రాకుండా ధర దగ్గర నోరు విప్పకు. నీ సంగతి నాకు తెలుసు, వాడు కోటి చెప్పినా నువ్వు సరే అంటావు."

ఆ రోజు ఆమె భర్తతో కలిసి ఇల్లు చూద్దామనే వెళ్లింది. ధర మాట్లాడదామని కాదు. ఇళ్లు కట్టిన కంపెనీవాళ్ల ఆఫీసులో టై కట్టుకున్న మనిషి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఎండన పడి వచ్చారు అంటూ గ్లాసుతో నీళ్లిచ్చాడు. ఇల్లంతా ఓపిగ్గా తిప్పి చూపించాడు. ఆమె కుడుతుందని విని, ముందు గది కిటికీ దగ్గర, "ఇక్కడ మీ మిషను పెట్టుకోవచ్చు కదమ్మా" అన్నాడు. ఆ మాట ఆమె గుండెకి తగిలింది. తిరిగొచ్చి కూర్చున్నాక ధర చెప్పాడు. చెప్పి ఒక్క క్షణం ఆగాడు.

ఆ ఆగడం బేరానికని ఆమెకి తర్వాతెప్పుడో తట్టింది. అప్పుడు మాత్రం, నీళ్లిచ్చి మర్యాద చేసిన మనిషితో పేచీ ఏమిటి అనుకుని, "సరేనండీ" అంది.

అతను కాస్త తెల్లబోయాడు. వెంటనే సర్దుకుని కాగితాలు ముందుకు జరిపాడు. పక్కనే ఉన్న భర్త ఆమె వైపు చూసి, సంతకం పెట్టాడు. ఆ తెల్లబోయిన మొహం మాత్రం ఆమెను వదిలిపెట్టలేదు. కుచ్చులు పడుతున్నప్పుడు, అన్నం కలుపుతున్నప్పుడు, దేవుణ్ణి తలుచుకోవడానికి కళ్లు మూసుకున్నప్పుడు అదే కనిపించేది. అంత ఆశ్చర్యపోయాడంటే ఎంత ఎక్కువ చెప్పి ఉంటాడో!

సాయంత్రం అన్నయ్య ఫోను చేశాడు. "ఇల్లు చూశావా?"

"చూశాను. నచ్చింది. మాట్లాడేశాం కూడా అన్నయ్యా."

"మాట్లాడేశావా! ఎంతకి?"

ఆమె నీళ్లు నమిలింది. ఉన్న ధరలో పదో వంతు తీసేసి చెప్పింది. ఎందుకలా చెప్పిందో ఆమెకే తెలియదు. అబద్ధమాడి ఎరగని నోరు. దానికి బేరం రాదని తెలుసు గాని, అబద్ధం వచ్చని ఆ రోజే తెలిసింది.

అన్నయ్య పొంగిపోయాడు. "భేష్! నేనొచ్చినా అంత దింపేవాణ్ణి కాదే! నోట్లో నాలుక లేదనుకున్నాను నీకు!" కొట్లో ఉన్నవాళ్లకి చెప్తున్నట్టుంది, ఫోను పక్కకి పెట్టి, "మా చెల్లెలు, మా చెల్లెలు" అంటున్నాడు. ఆమె ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఆ సంతోషమంతా విన్నది.

తక్కువ పడిన మిగతా సొమ్ము అన్నయ్య ఆ ధరకే లెక్క కట్టి ఇచ్చాడు కాబట్టి తేడా ఆమె మీద పడింది. తనకున్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి అమ్మేసింది. ఏమైందని అన్నయ్య అడిగితే, "చోటు చాలట్లేదన్నయ్యా" అంది. ఒక అబద్ధానికి రెండోది తోడు.

ఇంట్లోకి దిగాక దిగులు పని చేసేచోటికి కూడా వెంట వచ్చింది. ఆమె వెళ్లేవన్నీ కొత్త ఇళ్లే. కొత్త ఇంటివాళ్లకి ఒక అలవాటుంటుంది. కిటికీ కొలత చెప్పమంటే ఇంటి ధర చెప్తారు. ఒకామె, "మాకు చవగ్గా పడిందిలే అక్కా" అనేది. ఇంకొకాయన, "ఇదిగో, ఈ చెక్క చూడు, ఇంత ధరకి ఇలాంటి చెక్క ఎవడిస్తాడు?" అని తలుపు కొట్టి చూపించేవాడు. వాళ్లు చెప్పిన ధర వింటూ, టేపు కిటికీకి ఆనించి, ఆమె కళ్లతో గది పొడవూ వెడల్పూ కొలుచుకునేది. ఇది మాకంటే పెద్దది, ధర తక్కువ. ఇది మా అంతే, ధర చాలా తక్కువ. వాళ్లు నిజం చెప్తున్నారో లేదో ఎవరికి తెలుసు? తను మాత్రం చెప్పిందా నిజం? ఇంటికొచ్చి టేపు మీద చూసిన కొలత గుర్తులేక, మళ్లీ వెళ్లి తీసుకున్న రోజులున్నాయి.

పక్కింట్లో కాంపౌండరు గారు, ఆయన భార్య ఉండేవారు. ఆయన ఆసుపత్రిలో మందులిచ్చే పని చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో కూడబెట్టినదంతా ఆ ఇంట్లో పోశాడు. ఎవరి దగ్గరా నోరు జారని మనిషి. వీధి కుళాయికి నీళ్లొచ్చేది బాగా పొద్దున్నే. ఆమె రాత్రి పొద్దుపోయేదాకా కుడుతుందని తెలిసి, తన పైపు గోడ మీదుగా వేసి ఆమె డ్రమ్ము కూడా నింపేవాడు. లేచేసరికి డ్రమ్ము నిండి, మూత పెట్టి ఉండేది. "ఎందుకండీ బాబాయి గారూ, నేను లేస్తాను కదా" అంటే, "పైపు పొడుగ్గా ఉందమ్మాయ్, ఊరికే పడుంటుందని వేశాను" అనేవాడు. దేవుడు మనుషులకి ఇరుగుపొరుగుని ఇచ్చేటప్పుడు ఒక్కోసారి చెయ్యి ఉదారంగా పెడతాడు.

ఒక ఆదివారం అన్నయ్య ఇల్లు చూడటానికి వచ్చాడు. పెరట్లో తిరుగుతూ, గోడ అవతల పైపు చుడుతున్న కాంపౌండరు గారిని పలకరించాడు.

"నమస్కారం పెద్దాయనా! మీదీ ఇదే మోడలా? ఎంతకిచ్చాడు మీకు?"

ఆయన దాచుకోకుండా చెప్పాడు. విన్న ఆమె చేతిలోని బకెట్టు కింద పెట్టేసింది. తను ఇచ్చిందీ సరిగ్గా అంతే. నెలల తరబడి గుండె మీద ఉన్న బరువు ఒక్కసారి దిగినట్టయింది. మునిగింది నేనొక్కదాన్నే కాదు అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా పడింది. ఆ సిగ్గు పూర్తవకముందే అన్నయ్య పెద్దగా నవ్వాడు.

"అయ్యయ్యో! మిమ్మల్ని బాగా ముంచేశాడండీ! మా చెల్లాయి ఎంతకి కొన్నదో తెలుసా?" అని, ఆమె చెప్పిన ధర చెప్పాడు.

కాంపౌండరు గారి చేతిలో పైపు చుట్ట జారి కింద పడింది. ఆయన దాన్ని తీయలేదు. ఆమె వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మాయ్?"

అన్నయ్య మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోతోంది. ఆ వెలుగుని ఊదేయడానికి ఆమెకి నోరు రాలేదు.

"ఏదో లెండి బాబాయి గారూ..." అని తలూపింది.

ఆ మర్నాడూ డ్రమ్ము నిండే ఉంది. ఆ తర్వాతి రోజూ నిండే ఉంది. కాని ఆయన పలకరింపు పోయింది. గోడ అవతల కుర్చీ వేసుకుని, ఇంటి వైపే చూస్తూ కూర్చునేవాడు. కొన్నాళ్లకి ఆయన భార్య వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మేం కుట్టమన్న కర్టెన్లు ఇప్పుడు వద్దులే అమ్మా. మీ బాబాయి గారు వద్దంటున్నారు. ఉన్నదంతా బూడిదలో పోశాం, ఇంకా సోకులేమిటి అంటున్నారు."

"గుడ్డ కోసేశానండీ పిన్నిగారూ, కుట్టేస్తాను. డబ్బులేం ఇవ్వొద్దు."

"అది కాదమ్మా." ఆవిడ గొంతు తగ్గించింది. "మనిషి సరిగ్గా తినట్లేదు. రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు. రోజూ ఆ ఆఫీసుకెళ్లి కూర్చుంటున్నారు. 'ఎవరికీ తక్కువకి ఇవ్వలేదండీ' అని ఆ టై అతను చెప్తే, మొహం మీదే అబద్ధమాడుతున్నాడని వచ్చి నా దగ్గర మండిపడుతున్నారు. అక్కడ వాళ్లంతా చాటుగా నవ్వుతున్నారట. నేనూ ఊరుకోలేదులే. ఒకరోజు కోపమొచ్చి, పక్కింటి ఆడపిల్లకున్న తెలివి మీకు లేకపోయింది అనేశాను. అప్పటి నుంచి నాతోనూ మాటల్లేవు."

ఆవిడ వెళ్లాక ఆమె మిషను ముందు కూర్చుంది గాని కాలు ఆడలేదు. ఆ వారం ఒక పూల కర్టెన్ కుట్టి తీసుకెళ్లి తగిలిస్తే, పూలన్నీ తలకిందులుగా వేలాడాయి. ఇన్నేళ్లలో అలా జరగలేదు. ఆ ఇంటి ఇల్లాలు మంచిది. "పోనీలే అక్కా, పడుకుని చూస్తే బాగానే ఉంటాయి" అంది. ఆమె గుడ్డ విప్పి ఇంటికి తెచ్చి, కుట్లన్నీ ఊడదీసింది.

భర్త ఆ గుడ్డనీ ఆమెనీ చూశాడు. "చెప్పేయ్" అన్నాడు.

"ఎవరికి?"

"ఇద్దరికీ."

"చెప్పి ముఖం ఎక్కడ పెట్టుకోనండీ?"

"ఉన్నచోటే పెట్టుకో. తీసి ఎక్కడ పెడతావు?" కాస్త ఆగి మెత్తగా అన్నాడు. "ఆయన నీళ్లు పడుతున్నాడే, మన డ్రమ్ములో. ఇవాళ కూడా."

అయినా ఆమె చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ రోజులు నెట్టింది. పొద్దున్న దేవుడి ముందు కళ్లు మూసుకుంటే మాటలు వచ్చేవి కావు. అడగడానికి మొహం ఉంటే కదా! అన్నయ్య మంచితనమే ఆమె కాళ్లకి బంధమైంది. ఆయన తిట్టే మనిషైతే ఎప్పుడో చెప్పేసేది. నాకెందుకు చెప్పలేదని ఒక్క మాట అడిగి ఊరుకునే మనిషి. ఆ ఒక్క మాటకే భయం.

ఇంతలో అన్నయ్య నుంచే ఫోను వచ్చింది. మాంచి హుషారుగా ఉన్నాడు. "మీ పక్కింటి పెద్దాయన నాకు ఫోను చేశాడే. పాపం, గొంతు వణుకుతోంది. నన్ను సాక్షిగా రమ్మన్నాడు. రేపు పొద్దున్నే వస్తాను. ఆయన్ని తీసుకుని ఆఫీసుకెళ్లి, ఆ టై వాడి టై పట్టుకుని అడుగుతాను. నీ కాగితాలు తీసి ఉంచు, వాడి ముందు పెడదాం."

ఆ కాగితాల్లో అసలు ధరే ఉంది. రేపు ఆ ఆఫీసులో, నలుగురి ముందు, అన్నయ్య తన చేత్తో ఆ కాగితం విప్పి చదువుతాడు. ఒక పక్క చెల్లెలి గొప్ప చెప్పుకున్న మనిషి, ఇంకో పక్క ఆ మాట నమ్మి తిండి మానేసిన మనిషి. ఇద్దరూ ఒకేసారి నవ్వులపాలవుతారు. వాళ్లు చేసిన తప్పల్లా ఆమె మాట నమ్మడం.

మిషను మీద గుడ్డ కప్పి, ఆమె పక్కింటికి వెళ్లింది.

కాంపౌండరు గారు ముందు గదిలో బల్ల మీద దుప్పటి పరుచుకుని, రేపటికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చిక్కిపోయిన ఒంటి మీద బనీను వదులుగా వేలాడుతోంది. భార్య గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కర్టెన్లు లేని కిటికీలోంచి సాయంత్రపు ఎండ సూటిగా ఆయన మొహం మీద పడుతోంది. ఆయన కళ్లు చిట్లించుకునే ఇస్త్రీ చేస్తున్నాడు.

"రామ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "మీ అన్నగారు దేవుడిలా దొరికారు."

"బాబాయి గారూ, మేమూ మీరిచ్చినంతే ఇచ్చాం."

ఆయనకి అర్థం కాలేదు. "ఏమిటమ్మా?"

"ఇల్లు. మీరెంతిచ్చారో మేమూ సరిగ్గా అంతే. ఒక్క రూపాయి తక్కువ లేదు. ఆ టై అతను నిజమే చెప్తున్నాడు. అన్నయ్యకి నేనే తగ్గించి చెప్పాను. ఆయన లేకుండా ఒప్పేసుకున్నానని సిగ్గేసి. ఆ రోజు గోడ దగ్గర మీరు అడిగినప్పుడు కూడా..."

ఆయన చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది. గుడ్డ కాలుతున్న వాసన వస్తుంటే భార్య లేచి వచ్చి, ఆయన చేతిలోంచి ఇస్త్రీ పెట్టె తీసి నిలబెట్టి, స్విచ్చి కట్టేసింది. చొక్కా వీపు మీద గోధుమరంగు మచ్చ పడింది. ముగ్గురూ ఆ మచ్చనే చూశారు.

"నేను వాళ్ల ఆఫీసులో కేకలేశానమ్మా" అన్నాడాయన చివరికి. "ఆ అబ్బాయిని దొంగ అన్నాను. జీవితంలో ఎవర్నీ ఆ మాట అనలేదు."

"తప్పు నాదండీ."

"ఇంట్లో ఈవిడ చేత మాట పడ్డాను. నీ తెలివి చూసి నేర్చుకోమంది."

"తెలివి!" అంది భార్య. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "అయితే రెండిళ్లలోనూ ఒకటే తెలివన్నమాట."

ఆయన నవ్వలేదు. కుర్చీలో కూలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. "మరి ఇంతకీ మనం ఎక్కువిచ్చామా, సరిగ్గానే ఇచ్చామా?"

"నాకు తెలీదు బాబాయి గారూ. రోజూ అదే ఆలోచిస్తాను. తెలీదు."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపం పూర్తిగా పోలేదు. పోవాలని ఆమె అనుకోనూ లేదు. భార్య లోపలికెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చింది. "తాగు ముందు. పెదవులెండిపోయాయి" అంది. ఆమె తాగింది. తాగుతుంటే కన్నీళ్లు వచ్చాయి.

"మీ అన్నగారికి నేను ఫోను చేసి రావద్దని చెప్పనా?" అన్నాడాయన. "ఏదో వంక చెప్తాను. ఒంట్లో బాగా లేదంటాను."

ఆమె గబుక్కున తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. నా కోసం మీరొక అబద్ధం ఆడొద్దు. ఆయన్ని రానివ్వండి. ఆఫీసుకి మాత్రం వెళ్లొద్దు. మిమ్మల్ని అడగడానికి నాకు మొహం లేదు, అయినా ఒక్క సాయం చెయ్యాలి మీరు. పొద్దున్న అన్నయ్య వచ్చే వేళకి మా ఇంటికొచ్చి నా పక్కన కూర్చోండి. ఆయన సంతోషంగా ఉంటే నాకు నోరు పెగలదు. ఆ సంగతి మీరు చూశారు కదా. మీరేం మాట్లాడక్కర్లేదు, నన్ను సమర్థించక్కర్లేదు. నేను మళ్లీ 'ఏదో లెండి' అని మాట మార్చబోతే మాత్రం, ఒక్కసారి గట్టిగా దగ్గండి బాబాయి గారూ."